ఆకు పరిచిన చోటే

సిరోంచలో రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది.
బల్ల మీద బోర్డు, దాని మీద గోరంత చిప్పు.
నేను లేవలేదు.
పోతే పోనీ, అది మరవదు.
మరవకుండా చేయడానికే
ఆరేళ్లలో నా కళ్లద్దాలు రెండుసార్లు మందమయ్యాయి.

చీకట్లో కూర్చుంటే కల్లం వాసన వచ్చింది.
తునికాకు, ఇంకా పొగ కానిది.

అప్పుడు నాకు పదకొండేళ్లు.
ఇంటిపేరుకు బళ్లో 'వార్' అని తోక తగిలించారు,
ఇంట్లో ఎవరూ పలకరు.
నాన్న కల్లేదారు.
కట్టలు ఈ ఒడ్డున.
లెక్క పుస్తకం నది అవతల, గుమాస్తా పెట్టెలో.
వరుసకెన్నో చీటీ రాసి నన్ను పడవెక్కించేవాడు.
గుమాస్తా చీటీ చూసి, పుస్తకం తెరిచి,
కూడి, మూసి, ఇంకో చీటీ ఇచ్చేవాడు.
కూడిక అరనిమిషం.
రేవు, పడవ, ఇసుక, మళ్లీ రేవు: ఒక పూట.
నా కాళ్ల బొబ్బలు
ఆ పుస్తకంలో ఏ గడిలోనూ పడలేదు.

పెద్దయ్యాక తెలిసింది,
యంత్రాలన్నీ ఇలాగే పడవ నడుపుతున్నాయని.
జ్ఞాపకం ఒక ఒడ్డు, లెక్క ఒక ఒడ్డు.
కూడికకు చిటికెడు కరెంటు,
పడవ కిరాయికి బస్తాలు.

బాయక్క మాత్రం పడవెక్కలేదు.
కల్లంలో కట్టలు అడ్డం నిలువు పరిచి ఉండేవి,
గళ్ల చీరలా అనను,
చీర ఎండకు అంత గలగలలాడదు.
ఎవరి కట్ట పలచన, ఎవరిది దిట్టం,
డెబ్బై ఆకులకు అరవై ఆరు కట్టిందెవరు,
కాలి బొటనవేలు తాకిస్తే తెలిసేది.
వరుస చివరికొచ్చేసరికి
మొత్తం నోట్లో ఉండేది.
"కూడతలేను బిడ్డా, నడుస్తున్న.
నడిస్తే అదే అయితది."

నా చిప్పులోనూ అంతే.
అడ్డం తీగలు, నిలువు తీగలు,
కలిసిన ప్రతిచోటా ఇసుకరేణువు కన్నా చిన్న మొండిఘటం.
తనలోంచి పోయిన కరెంటును బట్టి
గట్టిపడో మెత్తబడో, అలాగే ఉండిపోతుంది.
ప్రశ్న వదిలితే
ఒక్కొక్కటీ తన మొండితనం మేరకు ఆపి
మిగిలింది దించుతుంది.
నిలువు తీగ అడుగున
ధారలన్నీ కలిసి జవాబై కారతాయి.
ఎవరూ కూడరు.
ప్రాణహిత గోదారిలో కలిసేచోట
ఎవరు కూడుతున్నారు?

ఇది చెబితే మా గైడు,
మరాఠీలో తునికిచెట్టు పేరే ఇంటిపేరైన టెంభూర్ణే సార్,
"ఉపమానం బాగుంది, పొరపాటు శాతమెంత?" అన్నారు.
నూటికి మూడు.
బాయక్కకు రెండు.

ఆ ఏడు మొదటి వానకు పడవ బోల్తాపడింది.
మనుషులు ఈదారు, పెట్టె ఈదలేదు.
గుమాస్తా ఒట్టి చేతులు చూపించాడు:
లెక్క లేదు, కూలీ లేదు.
బాయక్క ఖాళీ కల్లంలో,
ఆకు లేని తడినేల మీద,
మొదటి వరుస నుంచి నడిచింది.
పోచుబాయివి నూట పన్నెండు.
మడావి లాలసువి తొంభై, రెండు చినిగినవి.
సగం కట్ట చేతిలో ఉండగానే
పురిటికి పోయిన లస్మువి నూట నాలుగు.
అలా నలభై ఒక్క పేర్లు.
"కాగితముందా?" అన్నాడు గుమాస్తా.
సగం కూలీ ఇచ్చాడు.
మిగతా సగం ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది,
చెరగకుండా.

నా భయమూ అదే.
మరవని దాన్ని నేను చేయగలను.
దాని మాట నమ్మేవాళ్లను చేయలేను.

పదకొండున్నరకు కరెంటు వచ్చింది.
పొద్దున బాయక్క చెబుతుంటే ఎక్కించిన సంఖ్యలను
ఒక్కొక్కటే అడిగాను.
నలభై గడులు సరిగ్గా పలికాయి.
ఒకటి కాస్త జారింది, లస్ముది,
నూట నాలుగుకు నూట ఆరు.

దిద్దబోయి ఆగాను.
రేపు బాయక్కను అడగాలి,
ఆ రెండు కట్టలు
ఆమె వరుసలో ఎవరు పెట్టిపోయారో.