తోక చూడాల సార్

చిరుతపులి అన్నారు.
కెమెరాలో పడిందన్నారు.
కరకంబాడి రోడ్డులో కొత్త అపార్ట్‌మెంటు,
నాలుగో అంతస్తు వాళ్లు తెల్లారుజాము వాకింగు మానేసినారు.
వాచ్‌మన్ చెంగల్రాయుడు
గేటు కాడి కుర్చీని లిఫ్టు పక్కకు జరుపుకున్నాడు.

ఫారెస్టు నుంచి ఒక పిల్లోడొచ్చినాడు,
బూట్లకింకా మట్టి పట్టలేదు.
ఫోను నా ముందర పెట్టి
"రాత్రి డ్యూటీ నీదే గదక్కా,
దీన్ని ఎప్పుడన్నా చూసినావా?"

చూడకేం.
రెండున్నరకు టిఫిన్ సెంటరు ఎనక డబ్బా కాడికి పోతే
నాకంటే ముందు అదే హాజరు.

చీకట్లో ముందు కండ్లే వస్తాయి సార్,
ఒళ్లు తర్వాత.
కుక్క మన చేతిలోకి చూస్తాది.
నక్క మన ఎనక దారి చూస్తాది.
అడవిపంది అసలు తలెత్తదు,
దానికి మనం కూడా చెత్తే.
చిరుతంటారా,
అదొచ్చిన రాత్రి వీధిలో ఒక్క కుక్కా నోరిప్పదు.
మొన్న రాత్రంతా అరస్తానే ఉన్నాయి, అడగండి ఎవురినైనా.

"అయితే పునుగుపిల్లా?"
పిల్లోడి చెయ్యి దానంతటదే చెంపకు పోయింది.
ఈ ఊర్లో ఆ పేరుకు అంత మర్యాద,
కొండ మింద సామికి తైలమిచ్చే పిల్లి గదా.

కాదు సార్. తోక చూడాల.
పునుగైతే తోకకు కడియాలుంటాయి,
నలుపొకటి, తెలుపొకటి.
నేల మిందే తిరగతాది, పైపులెక్కదు.
దీని తోకంతా మసే.
మొగానికీ మసే, బొగ్గుల బస్తాలో తల పెట్టి తీసినట్టు.
పిట్టగోడ మింద పెంట చూసినారా?
నిండా సపోటా గింజలు.
మానుపిల్లి ఇది.
దేవుడికి పనికిరాదు,
మిగిలిన ఉప్మాకు వస్తాది.

నాకెట్ల తెలుసంటే
మా అత్త నరసమ్మ మామండూరు అడివిలో ఉసిరికాయలేరేది.
జంతువును చూసినానని ఎప్పుడూ చెప్పలేదామె,
అది పోయిన దారి చూసినానని చెప్పేది.

పిల్లోడు అంతా రాసుకున్నాడు,
తోక, గింజలు, పైపు.
సమాచారమిచ్చిందెవరన్న గడిలో
'స్థానికులు' అన్నాడు.
నా పేరు మునిరత్నమ్మ.
గడి చిన్నదేమో.

రెండ్రోజులకు పేపర్లో పడింది,
చిరుత కాదని అధికారులు తేల్చినారంట.
నాలుగో అంతస్తు మళ్లా నడస్తా ఉండాది.
చెంగల్రాయుడి కుర్చీ మాత్రం
లిఫ్టు కాడే ఉండాది, ఫ్యాను గాలి తగలతాదని.

నిన్న రాత్రి
మూడో బ్లాకు పైపు పట్టుకుని అది దిగింది.
దాని ఎనకాల ఇంకోటి,
నా పిడికిలంత.
దాని ఎనకాల ఇంకోటి,
సగం పైపులో ఆగి, దిగాలా వద్దా అని.

చీపురు గోడకానించినాను.
బండి బెల్లు కొట్టలేదు.

ఏడో నంబరు డబ్బా
పదినిమిషాలు ఆలస్యంగా ఎత్తినట్టు
రాసుకోండి సార్.
కారణం గడి ఖాళీగా వదిలేయండి.