అచ్చుతప్పు సవరణ

ఆరో అంతస్తులో వ్యూహం ఉంటుంది.
దానికో గది, గదికో ఏసీ,
ఏసీ రిమోట్‌కి ఒక అటెండరు.
మూడో అంతస్తులో నేనుంటాను,
బస్సుల టైంటేబుల్ సెక్షన్లో,
ఇరవై రెండేళ్ళుగా గళ్ళల్లో అంకెలు కూర్చుతూ.

సలహా కంపెనీ కుర్రాళ్ళు మొన్నొచ్చి
చేతికి తలా ఒక పసుపు చీటీ ఇచ్చి
మీ కలల సంస్థ ఎలా ఉండాలో రాయమన్నారు.
లిఫ్టు బాగుచేయించండి అని రాశాను.
గోడకి అంటించి ఫ్యానెయ్యగానే
కలలన్నీ నేలరాలాయి.
ఊడ్చినామె నన్ను చూసి ఏమీ అనలేదు.

ఆ వారమే గంగామణి వచ్చింది,
భుజాన టికెట్ మిషను,
మూడంతస్తులెక్కిన ఆయాసం.
"సార్, అఫ్జల్‌గంజ్‌ల మా బార్కస్ బండి
ఆరూ ఐదుకు కదుల్తది.
దవాఖానల నైట్ డ్యూటీ ఆరుకు దిగుతది.
సంతకం పెట్టి, చీర మార్చి, రోడ్డు దాటెటాళ్ళకు
వాళ్ళకు బండి ఎనక అద్దమే కనవడ్తది.
మళ్ళ బండి ముప్పావుగంటకు.
నేనే రోజూ ఏదో సాకు జెప్పి ఆపుతున్న,
మిషన్ల కాయిదం అయిపోయిందని,
చిల్లర తెస్తనని.
నిన్న మెమో ఇచ్చిండ్రు."

జేబులోంచి టికెట్ చుట్ట ఒకటి తీసింది.
వెనకవైపు బాల్‌పెన్నుతో తేదీలు,
ఆపిన రోజు ఎక్కినవాళ్ళు: పద్నాలుగు, పదకొండు, పందొమ్మిది.
ఆపని రోజు: ఇద్దరు.
చుట్ట విప్పితే నా టేబుల్ దాటి
నేల మీదికి పాకింది.

నోట్ పెట్టాను.
డిపో అంది, ఇది విధాన నిర్ణయం.
విధానం అంది, ఇది డిపో విషయం.
ఆరో అంతస్తు ఆనందపడి
ఆవిష్కరణల పోర్టల్‌లో నమోదు చెయ్యమంది.
పోర్టల్ అడిగింది:
ఆదాయంపై ప్రభావం, కోట్లలో.
ఏడు నిమిషాల్ని కోట్లలోకి మార్చలేక
మధ్యాహ్నమంతా కూర్చున్నాను.
పేజీ తనంతట తానే మూసుకుపోయింది.

మూడు నెలలకోసారి అచ్చయ్యే మా పట్టికకి
చివర్లో సవరణల కాగితం ఒకటుంటుంది.
దాన్ని ఎవరూ చదవరు,
అందుకే అందరూ సంతకం పెడతారు.
నాలుగో పద్దు కింద రాశాను:
6.05 అని ఉన్నచోట
6.12 అని చదువుకోగలరు.
అచ్చుతప్పు కాదని నాకు తెలుసు,
ప్రెస్సులో మాణిక్‌రావుకి తెలుసు.
ఆయన కళ్ళజోడు తుడుచుకుని
"ఇంకేమన్నా తప్పులున్నయా సార్?" అన్నాడు.

ఒక తెల్లవారుజామున చూడ్డానికి వెళ్ళాను.
మూసీ వైపు నుంచి చల్లటి కంపు,
ఇంజన్ ఆన్‌లో పెట్టి జహంగీర్ తల దువ్వుకుంటున్నాడు.
గేటులోంచి వాళ్ళొచ్చారు,
ఫినాయిల్ వాసనేసే చేతుల్లో ఖాళీ టిఫిన్లు.
మెహరున్నీసా అనే ఆవిడ
మెట్టు మీద కాలు పెట్టి
వెనకామెకి చెయ్యి అందించింది.
ఎవరూ పరిగెత్తలేదు.
అంతే, అదొక్కటే చూశాను.

ఇప్పుడు ఆరో అంతస్తు నుంచి సర్క్యులర్ వచ్చింది:
సదరు రూటులో ఆదాయం పెరిగినట్టు గమనించడమైనది,
మన వ్యూహంలోని ఏ అంశం దీనికి దోహదపడినదో
వారంలోగా తెలియజేయగలరు.

ఇవాళ ఏడోరోజు.
జవాబు కాగితం మీద 'అయ్యా' దాకా వచ్చాను.

మెట్ల మీద ఆయాసం వినిపిస్తోంది.
తలుపు దగ్గరే నిలబడి,
ఊపిరి తీసుకుని,
"సార్, రాత్రి ఆఖరి బండిదొకటున్నది" అంటోంది,
చేతిలో ఇంకో టికెట్ చుట్ట,
ఈసారి కొంచెం లావుది.