పక్కింటి ట్రాంపొలిన్

మూడింటికే చీకటి పడింది టూవూంబాలో.
ఆకుపచ్చ చీకటి.
ఆ రంగు చూస్తే చాలు, మా అక్క డెస్లీ
కారు మీద పాత పరుపు కప్పుతుంది.

కుక్కకి మాకంటే గంట ముందే తెలుసు.
గ్రేవీ వెళ్ళి స్నానాల తొట్టిలో పడుకుంది
గడ్డం కుళాయి కింద పెట్టి,
చేయని తప్పు ఒప్పుకున్నట్టు.

పెరట్లో బట్టలారేసే ఇనుప గొడుగు
గిర్రున తిరుగుతోంది, నా నైటీతో సహా.
ఒక్క తువ్వాలు దక్కింది.
దుప్పట్లు కంచె దాటాయి.

ఆపైన రేకుల కప్పు మీద
బస్తాలకొద్దీ గోలీలు.
డెస్లీ పెదాలు కదిలాయి.
"టీ?" అనుకున్నాను.
"కోళ్ళు!" అందట.

కోళ్ళు లాండ్రీ గదిలోనే ఉన్నాయి
ఇస్త్రీబల్ల కింద,
నలుగురు మేనత్తల్లా ముఖాలు ముడుచుకుని.

పావుగంట. అంతే.

తలుపు తీస్తే పెరడంతా తెలుపు,
నిమ్మచెట్టు నెత్తిన పక్కింటి ట్రాంపొలిన్,
కాస్త పక్కకి వాల్చుకున్న టోపీలా.

కంచె గొడవతో ఆరేళ్ళుగా పలకని నెవిల్
నిచ్చెనతో వచ్చాడు.
చంకలో మా దుప్పట్లు,
తడివే, మడతపెట్టి మరీ.

"కుక్క ఎలా ఉంది?"
"ఇంకా తొట్టిలోనే."

బూట్లతోనే వెళ్ళి తొట్టి అంచున కూర్చున్నాడు.
ఏం మాట్లాడుకున్నారో,
చాలాసేపటిదాకా ఇద్దరూ బయటికి రాలేదు.

ట్రాంపొలిన్ ఇంకా దిగలేదు.
ఫ్రీజర్‌లో బఠాణీల పక్కన
ఒక వడగల్లు దాచాం, వచ్చినవాళ్ళకి చూపించడానికి.
అది రోజురోజుకీ చిన్నదవుతోంది.
డెస్లీ చెప్పే కొలత మాత్రం
పెరుగుతోంది.