స్టెరాయిడ్ అనే మాట

అమరావతి రోడ్డు మీద మా ల్యాబుకి
మార్చిలో కిటికీలు తెరవరు.
గాలి ఇటు మళ్ళిందంటే
గుంటూరు మిర్చి యార్డు మొత్తం
ముక్కులోకొచ్చి కూర్చుంటుంది.

చీకటి గదిలో, అద్దం కింద
నాలుగు రోజుల వేరు.
ఆవాలకి దూరపు చుట్టమైన ఓ పిచ్చి మొక్కది.
దారం పోగంత.
లోపల చూస్తే పేటకి పేట:
పైన చర్మం, దాని కింద బెరడు,
నడిమధ్యన నీళ్ళు మోసే గొట్టాలు.
కొసన, చీలుతూ చీలుతూ
ఇంకా తామెవరో తెలియని పసి కణాలు.

నిన్న రాత్రి గిన్నెలో ఒక బొట్టు వేశాను.
ఆ మందు మొదట దొరికింది
ఆవ జాతి పూల పుప్పొడిలోనట.
బస్తాలకు బస్తాలు వడగడితే
ఆవగింజలో అరవయ్యో వంతు.

బొట్టు ఒకటే. అందరికీ అందింది.
బెరడులో కణం చీలడం మానేసి
ఒళ్ళు విరుచుకుని పొడుగు సాగింది.
గోడని వదులు చేసే జన్యువు
దాన్లో పచ్చగా వెలిగింది, దాన్లోనే.
చర్మంలో, కింది రెండు కణాల సందు మీద కూర్చున్నదానికి
రోమం మొలిచింది.
పక్కనే, ఒక్క కణం వీపు మీదే ఆనుకున్నది
నున్నగా ఉండిపోయింది.
పుట్టుకలో తేడా లేదు.
కూర్చున్న చోటే తేడా.

ఎందుకలా అని గైడ్ గారు అడిగితే
గ్రాఫులు చూపిస్తాను.
నాకు మాత్రం యార్డులో మైకు వినిపిస్తుంది.
క్వింటా ఇరవై వేలు, అని అరవగానే
హమాలీ కొక్కెం అందుకుంటాడు,
కమిషన్ కొట్టు గుమాస్తా ఫోను అందుకుంటాడు,
బస్తా మీద పడుకున్న రైతు
లేచి, మళ్ళీ పడుకుంటాడు.
తొడిమలు తీసే మా అమ్మ తలే ఎత్తదు.
వినపడక కాదు.
ఆ మాటకి తెరుచుకునే పుట
ఆమెలో ఎవరో ఎప్పుడో కుట్టేశారు.

ఈ పోలిక పూర్తిగా నిలబడదు, తెలుసు.
ఏ కణమూ కిలోకింతని కూలికి పోదు.

అమ్మ పేరు సువార్త.
ఇరవయ్యేళ్ళు కోల్డ్ స్టోరేజీ షెడ్డులో
గోనె మీద కూర్చుని దుమ్ము పీల్చింది.
ఇప్పుడు మెట్టెక్కితే ఆయాసం.
పెద్దాసుపత్రిలో రాసిచ్చిన చీటీ నా చేతికిచ్చి
"స్టెరాయిడంట గదా, వొళ్ళు ఉబ్బిద్దంట.
నేనేసుకోను" అంది.

నేను రోజూ వేళ్ళకి పోసేదీ
ఆ ఇంటిపేరుదేనమ్మా, అన్నాను.
కాకపోతే నీలో అది గుమ్మం దాటి
నేరుగా నట్టింట్లోకి పోయి
జన్యువు చెవిలోనే చెబుతుంది.
మొక్కలో గుమ్మం బయటే నిలబడి పిలుస్తుంది.
లోపలివాళ్ళు ఆ కబురుని
చేతులు మార్చుకుంటూ నట్టింటికి మోస్తారు.

అమ్మ కాసేపు ఊరుకుని
"బయటే ఎందుకు నిలబడిద్ది?" అంది.

నేను మాట్లాడలేదు.
ఆ ప్రశ్న వేరు.

ఆదివారం ల్యాబుకి తీసుకొచ్చాను.
అక్కర్లేదన్నా చెప్పులు బయటే విడిచింది.
మంట ఇంకిపోయిన వేళ్ళు
దేనికీ తగలకూడదని వెనక్కి కట్టుకుని
వంగి, ఒంటికన్ను అద్దానికి ఆనించింది.
చాలాసేపు.
ఏసీ చప్పుడు, ఆమె ఊపిరిలో పిల్లికూత,
అవతల పచ్చటి వెలుగులో
ఒక్కో కణమూ తనకు వినబడినంత సాగుతూ.

"దీనికీ ఆయాసమేనా, పాపం?"

కాదమ్మా. ఎదుగుతోంది.

తిరిగొచ్చేప్పుడు ఆటోలో,
శంకర్ విలాస్ సెంటర్లో ట్రాఫిక్ ఆగినప్పుడు
కొంగు ముడి విప్పి చీటీ తీసి
తలకిందులుగా పట్టుకుని చూసి అడిగింది:
"అన్నం తిన్నాకా, ముందా?"