స్వాగతం

కెయోన్ నుంచి ఎదీతా మియలోంకో ఫోన్.
"పాస్‌వర్డ్ కొట్టి, పొయ్యి మీద నీళ్లు పెట్టి,
మాతే తాగి, కప్పు కడుక్కుని వచ్చినా
తెర ఇంకా స్వాగతం అంటూనే ఉంది.
గుమ్మంలో నిలబెట్టి ఇంతసేపు స్వాగతం చెప్పే ఇంటికి
మా అమ్మయితే మళ్లీ వెళ్లేది కాదు."

నేను ప్వెర్తో మోంత్‌లో, మూడో అంతస్తులో,
తడిసిన కోటు కుర్చీ మీద ఆరేసి
మొదట అందరిలాగే ఆమెనే అనుమానించాను.
పెద్దక్షరాల మీట నొక్కి ఉందేమో చూడు.
తీగ సరిగ్గా గుచ్చావా?
ఆపి, మళ్లీ వెయ్యి.
ఆపింది. మళ్లీ వేసింది.
పదకొండు నిమిషాలు.
నిన్నా పదకొండే. మొన్న వాన లేదు,
అయినా పదకొండే.

మాకు ఏడు ఊళ్లలో ఆఫీసులు.
వలల గోదాం, చేపమేత గోదాం, మంచు యంత్రాల షెడ్డు,
మధ్యమధ్య సముద్రం.
ఊరికొక సర్వర్.
వచ్చినవాడి మొహం చూసి, పేరడిగి
"మనవాడే, రానీ" అనడం దాని పని.
కెయోన్‌లోనూ ఒకటుంది,
ఎదీతా కుర్చీకి ముప్ఫై అడుగుల్లో,
పాత గోదాం మెట్ల కింద,
పనిలేక వెచ్చగా మూలుగుతూ.
మరి ఈ అమ్మాయి కంప్యూటర్
పక్కవాణ్ణి కాదని రోజూ పొద్దున్నే
ఎవరి తలుపు తడుతోంది?

బుధవారం రాత్రి లాగ్‌లు తిరగేశాను.
వేల వరసలు, కళ్లలో ఇసుక.
అన్నిటి చివరా ఒకటే ఊరు, పూంతా అరేనాస్.
అక్కడ మాకిప్పుడు ఎవరూ లేరు.
ఆఫీసు మూసి రెండేళ్లు.
బల్లలు అమ్మేశాం, గోడ గడియారం ఎవరో పట్టుకుపోయారు.
సర్వర్‌ని తీసేయడం మాత్రం
నువ్వంటే నువ్వనుకుని మరిచాం.
(పాత కాయితంలో ఆ పనికి ఎదురుగా ఉన్నది నా పేరే.
ఈ సంగతి పైవాళ్లకి చెప్పలేదు.)

వాచ్‌మన్ బ్రౌలియో మిమిత్సా ఫోనెత్తాడు.
అతనికంటే ముందు గాలి పలికింది.
"ఆ పెట్టె బతికే ఉందా?"
"బతక్కేం!
రాత్రంతా కునుకుతుంది.
ఎనిమిదింపావుకి పచ్చ దీపం టపటపా కొట్టుకుంటుంది.
నేను డ్యూటీ దిగే వేళ.
నన్ను సాగనంపుతోందనుకునేవాణ్ణి."
చలికాలంలో వాళ్ల గడియారం మాకు గంట ముందు.
ఎదీతా కుర్చీలో కూర్చునేది ఏడుంపావుకి.

మార్చిలో ఆమె పని కొత్త షెడ్డుకి మారింది.
షెడ్డుకి కొత్త నంబర్లిచ్చాం.
ఆ నంబర్లు ఏ ఊరివో పట్టికలో ఎక్కించలేదు.
ఊరు లేని యంత్రం ఏం చేస్తుంది?
నన్నెరిగినవాళ్లెవరైనా ఉన్నారా అని
అన్ని దిక్కులకీ కేకేస్తుంది.
చేతిలో పనిలేనివాడే కదా ముందు పలికేది.
ఇక ఆమె ఫైళ్లూ, ప్రింటరూ, తెర మీది మనవడి ఫొటో దాకా
ఆ సన్నని దారంట
ప్రపంచం కొసకి వెళ్లి రావాలి.

పది, ఇరవైమూడు, నలభై, సున్నా: కెయోన్.
రాసింది ఇంతే, ఒక్క వరస.
ఎదీతా శుక్రవారం ఫోన్ చేసి తిట్టింది.
"నీళ్లు మరగకముందే తెరుచుకుంటోంది.
ఇప్పుడు మాతే ఎప్పుడు తాగను?"

సోమవారం బ్రౌలియో.
"దీపం కొట్టుకోవడం లేదు. పోయిందా?"
"పోలేదు. ఇక దాన్ని ఎవరూ అడగరు."
కాసేపు గాలే మాట్లాడింది.
"అయితే తీగ పీకెయ్యనా?"
"వద్దు. అలా పీకకూడదు.
ముందు మిగతా ఊళ్లన్నిటికీ చెప్పాలి,
ఫలానావాడు పనిలో లేడు, అతని కోసం చూడకండని.
లేకపోతే ఏళ్ల తరబడి పిలుస్తూనే ఉంటాయి."
"అది నువ్వక్కణ్ణించే చెయ్యగలవా?"
"చెయ్యగలను."
"అయితే ఎనిమిదింపావుకి ముందే చెయ్యి," అన్నాడు,
"నేనింకా ఇక్కడ ఉండగా."