పైనే పెట్టాలి

మలికిపురంలో నా కేబుల్ కనెక్షన్లు
నాలుగొందల నుంచి ముప్పై ఒకటికి దిగిన ఏడాది
అటక మీద మిగిలిన నల్లటి చుట్టలు చూసి
విమానాలు పట్టడం మొదలెట్టాను.

పట్టడమంటే వలేసి కాదు.
ఒక్కో విమానం
తన పేరూ ఎత్తూ వేగమూ చెప్పుకుంటూ పోతుంది,
తెల్లారకుండా "రొయ్యలో" అంటూ
మా సందులోంచి పోయే మనిషిలాగ.
తలుపు తీసేదెవరో ఆవిడ ఆగి చూడదు.

డాబా మీద ఇరవై అడుగుల గొట్టం,
దాని కొసన జానెడు ఏంటెనా.
కింద పాత ఆఫీసు గదిలో ఓ చిన్న పెట్టె, మానిటరు.
తొలి రాత్రి పదకొండు చుక్కలు.
రాజమండ్రిలో దిగేది, వైజాగ్‌లో లేచింది,
చెన్నై దారిన పోయేవి.
సముద్రం వైపు మాత్రం నలుపు.
అంత నలుపులో ఎవరూ లేరంటే
నాకు నమ్మబుద్ధి కాలేదు.

ప్రీయాంప్ తెప్పించాను. అగ్గిపెట్టెంత ఉంది.
పద్దెనిమిదొందలు. భాగ్యవతికి ఏడొందలని చెప్పాను.
ఎక్కే పని లేకుండా
కిందే, పెట్టె పక్కనే తగిలించాను.
చుక్కలు పదకొండే.
రొద మాత్రం ఇరవై రెట్లు.

ఆ పూట దింపుకొచ్చిన సూరిపండు
కాయలు లెక్కెట్టి, చెమట తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి
"ఏటండీ, మొహం అలా ఉంది?" అన్నాడు.
చెప్పాను:
ముప్పై మీటర్ల కేబుల్ దిగేలోపు
వచ్చిన మాటలో ముప్పాతిక ఇంకిపోతోందని.

"శివారు చేనండి అది.
బోదెల్లో నీళ్లన్నీ ఇంకిపోయేక
కొసన మోటారెడితే ఏం తోడుద్దండీ? బురద.
తల దగ్గరే పెట్టాలి."

కాసేపాగి, కుడిచెవిలో మిషను తీసి
అరచేతిలో చూపించాడు.
"ఇది పెట్టిన కొత్తలో
మా కోడలి మాట కంటే గిన్నెల మోతే పెద్దదండి.
మోత వడకట్టాకే మాట తేలింది.
మీక్కూడా ఎక్కడో గిన్నె మోగుతుంటాది, చూసుకోండి."

చూసుకున్నాను.
రోడ్డవతల, రైసుమిల్లు వెనకాల,
సెల్ టవరు.

ఫిల్టరు వచ్చేదాకా పది రోజులు ఆగాం.
ముందు ఏంటెనా, తర్వాత ఫిల్టరు, ఆ తర్వాతే ప్రీయాంప్.
మూడిటికీ ఉప్పుగాలి తగలకుండా
సైకిల్ ట్యూబు కోసి చుట్టాను.
గొట్టం ఎక్కుతూ సూరిపండు అన్నాడు:
"కొబ్బరిచెట్టు ఊగుద్దండి. ఇది ఊగదు. అదే భయం."
మిషను జేబులో ఉంది. నేను కింద నుంచి
ఎంత అరిచినా సైగలే.

ఆకాశపు మాట దిగే తీగెలోనే
కరెంటు పైకి పంపాను.
ఎదురెదురు నడుస్తాయి, గుద్దుకోవు.

చీకటి పడ్డాక సముద్రం తెరుచుకుంది.
అండమాన్ నుంచి వచ్చేది ఒకటి.
సింగపూర్ వైపు వరసగా నాలుగు.
మూడొందల ఎనభై కిలోమీటర్ల అవతల
ముప్పై ఎనిమిది వేల అడుగుల ఎత్తున
పేరు చెప్పుకుంటూ ఒక్కటే ఒకటి.
భాగ్యవతిని పిలిచి చూపించాను.
"ఇంతకీ ఎంతైంది?" అంది.

మర్నాడు పొద్దున
రిగ్గుకి పోయే హెలికాప్టరు
మా డాబా మీంచి, గిన్నెలు అదిరేలా వెళ్లింది.
తెర మీద లేదు.
గొట్టానికి చెయ్యానించి నిలబడ్డ సూరిపండు
చెవిలో మిషను లేకుండానే తలెత్తి
"ఇది పడలేదేటండీ మీ దాంట్లో?" అన్నాడు.

మరీ దగ్గరి అరుపుకి చెవి దిమ్మెక్కుతుంది.
గెయిన్ రెండు మెట్లు దించాను.
మధ్యాన్నం తిరిగొచ్చినప్పుడు
హెలికాప్టరు కనిపించింది.
అవతల సముద్రం మీద మూడు చుక్కలు ఆరిపోయాయి.

ఏవి ఉంచుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.
రోజుకోసారి పెంచుతాను, దించుతాను.

సూరిపండు కూలి తీసుకోలేదు.
ఆరు మీటర్ల కేబుల్ అడిగి పట్టుకెళ్లాడు.
వాళ్ల పెరట్లో దాని మీద
ఇప్పుడు బట్టలు ఆరుతున్నాయి.