ఎనక సగం

ఆ ఇంట్లో మెట్లు ఎడంపక్క ఉండాల.
నేను చదివినప్పుడు ఎడంపక్కే ఉన్నెయి.
తెరమీద కుడిపక్క కట్టేసినారు.
"సరేలే మే, మేస్త్రీకి చెప్పి మార్పిద్దాం గాని
ముందు చూడు" అంటాది రెడ్డెమ్మ.

మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
రెండింటికి అరగంట విరామం.
క్యారియరుకు ఫోను ఆనించి
చేతులకంటిన తోతాపురి వాసనతోనే
దినానికింత చూస్తాం.
కింద తెలుగు అక్షరాలు ఉరకతా ఉంటాయి.
అవి అందకపోయినా నష్టం లేదు,
వాళ్ళ కండ్లు చూస్తే చాలు.
ఈ వేసవిలో ఇట్లాంటివి ఏడు చూసినాం.
ఏ డిటెక్టివు వేషం ఎవరు కట్టినారో
ఎవరి మీసం సొంతమో, ఎవరిది బంకదో
రాసిన పుస్తకం కూడా ఒకటి
రెడ్డెమ్మ మనవడు తిరుపతి నుంచి తెచ్చిచ్చినాడు.
అలవాటు చొప్పున చివర్నించి చదివినా.

నలభై ఏండ్ల కింద
గ్రీమ్స్‌పేటలో చెంగల్రాయుడి అద్దెపుస్తకాల బంకు.
దినానికి పావలా.
ఉన్నది ఒక పావలా, చదవాల్సినోళ్ళం ఇద్దరం,
తెల్లారితే తిరిగియ్యాల.
కుట్టు తెంచి పుస్తకాన్ని రెండు చేసినాం.
ముందర సగం దానికి. ఎనక సగం నాకు.

ఆ రాత్రి బుడ్డిదీపం కాడ
హంతకుడెవరో నాకు తెలిసిపోయింది.
చచ్చిందెవరో తెలీదు.
పక్కవీధిలో రెడ్డెమ్మకి
శవం దొరికింది, పగిలిన గడియారం దొరికింది,
తొమ్మిదిమంది మీద అనుమానం దొరికింది,
నిద్ర మాత్రం దొరకలా.

పొద్దున్నే కొళాయి కాడ బేరం.
"చచ్చిందెవరో చెప్పు, చంపిందెవరో చెప్తా."
"నువ్వు ముందు."
"నువ్వే ముందు."
నీళ్ళు నిలిచిపోయినాయి,
ఇద్దర్లో ఒకరమూ నోరు విప్పలా.

మా అమ్మ జాకెట్లు కుట్టే దారంతో
రెండు సగాలూ కలిపి కుట్టి ఇస్తే
చెంగల్రాయుడు కండ్లద్దాలు పైకి నెట్టి
పుస్తకం వీపు తడిమినాడు.
"అచ్చాఫీసోళ్ళు తెల్లదారం వాడతారే,
ఈ నీలం ఎవురి జాకెట్టుదబ్బా?"
నేను ఓణీ భుజాల నిండా కప్పుకున్నా.
ఇంకో పావలా జుల్మానా.
ఆ బంకులో ఆ పుస్తకం మళ్ళీ కనబడలా.

ఇప్పుడదే కథ, ఫోనులో.
మొదటి రాత్రే నాకు శవం దొరికింది:
ఆ ఇంటి పెద్దామె.
ఇన్నేండ్లూ మొగోడనుకుంటా ఉన్న్యా.

"నీకు తెలిసిన కథే గదా, ఏముండాది చూసేకి?"
సూపర్‌వైజరు నాదముని ఎకసెక్కం.
వాళ్ళ ఊరి గుడికాడ ఏటేటా
పద్దెనిమిది నాళ్ళ నాటకం.
ఆఖరిపొద్దు మన్నుతో చేసిన రాజుకి
తొడ పగులుతుందని పసిబిడ్డకీ తెలుసు.
పనికి సెలవు పెట్టి
ముందు వరసలో చాప పరిచేది ఈయనే.

తెలిసి చూస్తేనే గదప్పా
టీకప్పు పట్టుకున్న ఆ చెయ్యి
మొదటి దినమే ఎట్ల వణికిందో కనబడేది.
తెలియనోళ్ళు కప్పు చూస్తారు,
లేదా కప్పులో విషముందా అని చూస్తారు.

నిన్న రాత్రి ఆఖరి భాగం.
డిటెక్టివు అందర్నీ హాల్లో కూచోబెట్టినాడు.
రెడ్డెమ్మ నా మోకాలు గట్టిగా పట్టుకుంది.
నేను లోపల్లోపల నవ్వుకుంటా ఉండా,
నలభై ఏండ్లు దాచిన పేరు
నాలుక చివర తీపి.
ఆయన వేలు చూపించినాడు.

వేరే మనిషి.

సినిమావోళ్ళు మార్చేసినారు.
మెట్లు మార్చినట్టే.
నా హంతకుడు కిటికీ పక్కన నిలబడి
అందరితో పాటు "అయ్యో" అన్నాడు,
కోటు గుండీ పెట్టుకున్నాడు,
కారెక్కి ఎల్లిపోయినాడు.

"ఈయనేనా మే, నువ్వు దాచింది?"

సైరను మోగింది.
యంత్రాలు లేచినాయి.
"ఔ" అన్న్యా.
క్యారియరు మూత పెడతా ఉంటే
గిన్నెకి తగిలి గలగలమనింది.

రెడ్డెమ్మ
నా చేతుల్నే చూస్తా ఉంది.